పెద్దవాళ్ళకి వాడుక ఇంగ్లీషు: ఏ పద్ధతిలో నేర్పితే నోరు విప్పుతారు?

ఆవిడ ఫోన్ పెట్టేశాక "ఏమన్నారండీ?" అని అడిగాను. "ఏమో మేడమ్, నేనైతే ఎస్ ఎస్ అన్నాను" అని నవ్వేసింది. అపాయింట్‌మెంట్ మారిందని మాత్రం అర్థమైంది. ఏ రోజుకి మారిందో తెలియలేదు. అప్పటికి ఆవిడ నా దగ్గర రెండు నెలలుగా నేర్చుకుంటోంది. సింపుల్ ప్రెజెంట్‌కీ ప్రెజెంట్ కంటిన్యువస్‌కీ తేడా అడిగితే తడుముకోకుండా చెప్పేది. "సారీ, విచ్ డే?" అని అడగడం మాత్రం రాలేదు. నేను నేర్పలేదు కాబట్టి రాలేదు.

తప్పు ఆవిడది కాదు. పుస్తకంలో ఒకటో పాఠం తర్వాత రెండో పాఠం ఉంది కదా అని నేను అలా చెప్పుకుంటూ పోయాను. పద్ధతి ఎంచుకోవడం అనే పని ఒకటుంటుందని ఆ రోజుదాకా నాకు తట్టలేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని మాటలు తెలిసినా వాక్యం కూర్చలేని పెద్దవాళ్ళకి నేర్పబోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు జీతం తీసుకుని చెప్పినా, ఊరికే చెప్పినా, ఇంట్లో అత్తగారికి చెప్పినా ఈ ఎంపికలు తప్పవు.

ముందు మనిషి, తర్వాత పద్ధతి

యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన భాషా స్థాయిల కొలమానాన్ని ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. అందులో అడుగున ఉన్న రెండు మెట్లు ఏ1, ఏ2. ఏ1 అంటే తన గురించి రెండు ముక్కలు చెప్పుకోగలగడం, ఎదుటివాళ్ళు నెమ్మదిగా, సాయం చేసే ఉద్దేశంతో మాట్లాడితే జవాబివ్వగలగడం. ఏ2 అంటే రోజువారీ అలవాటు పనుల్లో చిన్న చిన్న సంభాషణలు నడపగలగడం. ఏ1 కంటే కింద ఇంకో మెట్టు ఉందని తర్వాత వచ్చిన అనుబంధంలో చేర్చారు. "నాకేం రాదండీ" అంటూ వచ్చేవాళ్ళలో చాలామంది నిజానికి ఆ మెట్టు మీదే ఉంటారు.

ఈ మెట్ల పేర్ల కంటే నాకు పనికొచ్చినవి మూడు ప్రశ్నలు. ఏదో ఒక భాషలో చదవడం, రాయడం బాగా వచ్చా? వచ్చే నెలలో ఇంగ్లీషు ఎక్కడ, ఎవరితో అవసరం పడుతుంది? వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు?

మూడో ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. సున్నా నుంచి ఏ2 చేరడానికి సుమారు 180 నుంచి 200 గంటల బోధన కావాలని ఇంగ్లీషు పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జ్ ఇంగ్లీష్ సంస్థ అంచనా. వారానికి మూడు గంటలు కూర్చునే మనిషికి అది ఏడాది దాటిపోతుంది. ఉద్యోగం, పిల్లలు, ఇంటి పని నడుమ ఏడాదిపాటు ఎవరైనా రావాలంటే మూడో వారానికే ఏదో ఒకటి బయట పనికిరావాలి. పిల్లలకి పదేళ్ళ తర్వాత పనికొస్తుందని చెప్పి ఒప్పించవచ్చు, పెద్దవాళ్ళు మాత్రం రేపటికి ఏముందని చూస్తారు.

వ్యాకరణం వరసా, సందర్భాల వరసా, మాటల పట్టికా

అన్నిటికంటే పెద్ద ఎంపిక ఇదే. పాఠాలు ఏ వరసలో పెట్టాలి?

వ్యాకరణం వరస మనందరికీ తెలిసినదే. లాటిన్, గ్రీకు లాంటి భాషల్ని గ్రంథాలు చదవడం కోసం నేర్పిన కాలం నుంచి వచ్చిన పద్ధతి అది. రూల్ చెప్పడం, అనువాదం చేయించడం, తప్పులు దిద్దడం. దీన్ని వెక్కిరించడం ఫ్యాషనైపోయింది కానీ, పెద్దవాళ్ళకి ఇందులో ఒక ధైర్యం దొరుకుతుంది. నోట్సు నిండుతుంది, ఈ రోజు ఏం నేర్చుకున్నామో చేత్తో చూపించగలుగుతారు, చిన్నప్పటి బడిలో చూసిన చదువులాగే ఉంటుంది. రాతపరీక్ష రాయాల్సినవాళ్ళకి ఇది కావాలి కూడా. కాకపోతే ఈ వరసలో పోతే భూతకాలం మూడో నెలలో వస్తుంది. డాక్టర్ మాత్రం మొదటి రోజే "వెన్ డిడ్ ఇట్ స్టార్ట్?" అని అడుగుతారు.

మాటల పట్టిక రెండో దారి. ఓగ్డెన్ అనే ఇంగ్లండు భాషావేత్త 1930లో 850 మాటలతో ఒక చిన్న ఇంగ్లీషు తయారుచేశారు. మైఖేల్ వెస్ట్ 1953లో ఎక్కువగా వాడే దాదాపు 2000 మాటల జాబితా ఇచ్చారు. దాన్ని 2013లో మరికొందరు కొత్తగా లెక్కగట్టారు. వినడానికి ఎంతో బాగుంటుంది, రోజుకి పది మాటలంటే ఆరునెలల్లో పని అయిపోతుందని. తీరా పట్టిక తెరిస్తే పైన కనిపించేవి ద, ఆఫ్, టు, అండ్. వాటిని విడిగా ఎలా నేర్పుతారు? పట్టికని నేను పాఠాల వరసకి వాడను, జల్లెడగా వాడతాను. పాఠంలో ఒక కొత్త మాట వచ్చినప్పుడు అది ఆ 2000లో ఉంటే బట్టీ పట్టిస్తాను, లేకపోతే అర్థం చెప్పి వదిలేస్తాను.

మూడోది సందర్భాల వరస. ఫోన్‌లో మాట్లాడటం, కౌంటర్ దగ్గర అడగడం, ఫారం నింపడం, పక్కింటివాళ్ళని పలకరించడం, పైఅధికారికి సెలవు చెప్పడం. ఈ స్థాయి పెద్దవాళ్ళకి వెన్నెముక ఇదే కావాలని నా గట్టి అభిప్రాయం. ఇందులోనూ ఒక గుంట ఉంది. దాంట్లో నేను పడ్డాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఆ ఫోన్ సంగతి జరిగాక సందర్భాలకి మారాను. అపాయింట్‌మెంట్ మార్చుకోవడం మీద పాఠం పెట్టాను. మూడు వాక్యాలు: "ఐ హావ్ ఎన్ అపాయింట్‌మెంట్ ఆన్ మండే. ఐ కెనాట్ కమ్. కెన్ ఐ కమ్ ఆన్ వెడ్నెస్‌డే?" అందరూ చక్కగా బట్టీ పట్టారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పిస్తే గడగడా చెప్పేశారు. అప్పుడు నేను అవతలివైపు మనిషినై "వెడ్నెస్‌డే ఈజ్ ఫుల్, హౌ అబౌట్ థర్స్‌డే, టెన్ ఫిఫ్టీన్?" అన్నాను. గదిలో నిశ్శబ్దం. ఒకాయన నెమ్మదిగా "ఎస్" అన్నాడు.

గుంట ఇదే. సందర్భం పేరుతో మనం వాళ్ళు చెప్పాల్సిన మాటలు మాత్రమే నేర్పేస్తాం. అవతలివాళ్ళు ఏమంటారో మన చేతిలో ఉండదు. అందుకని ఇప్పుడు గంట పాఠంలో సగం జవాబులు వినడానికే పోతుంది. అదే సంభాషణకి నాలుగు రకాల జవాబులు తయారుచేసుకుంటాను: సరే అన్నది, కుదరదన్నది, వేరే టైమ్ చెప్పింది, "ప్లీజ్ హోల్డ్" అని పాట పెట్టేసింది. ఇద్దరిద్దరిని వీపుకి వీపు ఆనించి కూర్చోబెడతాను, మొహం కనబడకుండా. ఫోన్‌లో మొహం కనబడదు కదా. చేతులూపడం, కళ్ళతో అడగడం అన్నీ ఆగిపోతాయి, చెవి ఒక్కటే పనిచేయాలి. మొదటిసారి అందరూ తిట్టుకుంటారు.

వీటికి ముందు, మొదటి వారంలోనే, ఆదుకునే మాటలు కొన్ని ఇచ్చేస్తాను. "సారీ, కెన్ యూ సే దట్ అగైన్?" "స్లోలీ, ప్లీజ్." "డిడ్ యూ సే థర్టీన్ ఆర్ థర్టీ?" ఈ చివరిది ప్రత్యేకం. థర్టీన్, థర్టీ తేడా మనవాళ్ళకి నోట్లోనూ కష్టమే, చెవిలోనూ కష్టమే. మొదటిదాంట్లో ఊనిక (గొంతు గట్టిగా పడే చోటు, స్ట్రెస్) చివర పడుతుంది, రెండోదాంట్లో మొదట పడుతుంది. అది పట్టేదాకా "వన్ త్రీ ఆర్ త్రీ జీరో?" అని అడిగేయమంటాను. చూడటానికి మొరటుగా ఉన్నా తప్పు రోజున వెళ్ళి తిరిగి రావడం కంటే నయం.

మరి వ్యాకరణం ఎక్కడ? అడిగినప్పుడు. "కెన్ ఐ కమ్ అంటున్నాం కదా మేడమ్, ఐ కెన్ కమ్ అంటే తప్పా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అప్పుడు బోర్డు మీద ఐదు నిమిషాలు. అలా అడిగి తెలుసుకున్న రూల్ నిలబడుతుంది.

తెలుగు వాడాలా, వద్దా

తరగతిలో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినబడకూడదనే పద్ధతికి పెద్ద పేరు తెచ్చినవాడు మాక్సిమిలియన్ బెర్లిట్జ్. 1878లో అమెరికాలో మొదటి బడి పెట్టాడు. తలా ఒక మాతృభాషవాళ్ళు కూర్చున్న గదిలో వేరే గతి కూడా లేదు. అలాంటి గదిలో నేర్పుతుంటే ఈ భాగం మీకు అవసరం లేదు, బొమ్మలు, సైగలు, వస్తువులతో లాగించండి. గదిలో అందరూ తెలుగువాళ్ళే, మీరూ తెలుగే అయినప్పుడు మాత్రం ఇంగ్లీషు తప్ప నోరెత్తనని భీష్మించుకోవడం దండగ.

ఎందుకంటే కొన్ని తప్పులు తెలుగులోంచే పుడతాయి, తెలుగు పక్కన పెట్టి చూపిస్తే తప్ప పోవు. బోర్డు మీద ఒకసారి ఈ ఐదు వాక్యాలు రాయండి: నాకు ఇద్దరు పిల్లలు. నాకు ఆకలిగా ఉంది. నాకు తెలుసు. నాకు సాయం కావాలి. నాకు చెప్పండి. మనకి అన్నిటికీ ఒకటే "నాకు". పక్కన ఇంగ్లీషు రాయండి: ఐ హావ్ టూ చిల్డ్రన్. ఐ యామ్ హంగ్రీ. ఐ నో. ఐ నీడ్ హెల్ప్. టెల్ మీ. ఐదింట్లో ఒక్కదాంట్లోనే "మీ" వచ్చింది, మిగతా నాలుగింట్లో "ఐ". "మీ నో" అనీ "ఐ యామ్ టూ చిల్డ్రన్" అనీ ఎందుకంటున్నారో వాళ్ళకే నవ్వొస్తుంది. దీన్ని ఇంగ్లీషులో వివరించాలంటే అరగంట, తెలుగులో నాలుగు నిమిషాలు.

అలాంటివే ఇంకో రెండు. "రోజూ వస్తాను", "రేపు వస్తాను" మనకి ఒకే క్రియ, ఇంగ్లీషులో "ఐ కమ్ ఎవ్రీ డే", "ఐ విల్ కమ్ టుమారో". "ఆమె డాక్టర్" అనే వాక్యంలో మనకి క్రియే లేదు, అందుకే "షీ డాక్టర్" అంటారు. మధ్యలో "ఈజ్" అనేది వాళ్ళ చెవికి దండగమాటలా ఉంటుంది. దండగ కాదని చెబితే చాలదు, "షీ… డాక్టర్" అని మధ్యలో చిటికె వేసి ఖాళీ వినిపించండి.

మర్యాద సంగతి కూడా పెద్దవాళ్ళ దగ్గరే వస్తుంది. అరవై ఏళ్ళాయన ఒకరు "యూ" అనడానికి ఎంతకీ ఇష్టపడేవారు కాదు, డాక్టర్‌ని నువ్వు అన్నట్టుంటుందని. ఇంగ్లీషులో మర్యాద సర్వనామంలో ఉండదని, "కుడ్ యూ", "ప్లీజ్", గొంతు తగ్గించడం, వీటిలో ఉంటుందని తెలుగులో కూర్చోబెట్టి చెప్పాక ఆయన నోరు తెరుచుకుంది. అది మొహమాటం తప్ప భాష రాకపోవడం కాదు.

తెలుగు వాడటంలో ఇంకో లాభం, మనకి ముందే ఉన్న పెట్టుబడి. బస్సు, టికెట్, ఫోన్, ఛార్జింగ్, డ్యూటీ, టైమ్, స్విచ్, ఫారం, సంతకం దగ్గర సైన్. "నాకు ఇంగ్లీషు ముక్క రాదు" అన్న మనిషి చేత తను రోజూ వాడే ఇంగ్లీషు మాటలు రాయిస్తే మొదటి గంటలోనే వంద దాటతాయి. కాకపోతే కొన్ని మన దగ్గరికొచ్చి వేషం మార్చుకున్నాయి. "ఐ యామ్ టెన్షన్" అంటారు, కావాల్సింది "ఐ యామ్ వరీడ్". కళ్ళజోడు "పవర్" గురించి అడిగితే బయటివాళ్ళు బిక్కమొహం వేస్తారు. ఆ మాటల్ని విడిగా ఒక పేజీలో పెట్టించండి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. తెలుగు తలుపు కొంచెం తెరిస్తే గదంతా నిండిపోతుంది. నేను ఒకసారి నా పాఠం రికార్డు చేసుకుని విన్నాను. గంటలో నలభై నిమిషాలు నా గొంతే, అందులో ముప్పాతిక తెలుగు. సిగ్గేసింది. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను: పలకరింపు, హాజరు, "ఓపెన్ యువర్ బుక్స్", "వర్క్ విత్ యువర్ పార్ట్‌నర్" లాంటి రోజూ వచ్చే మాటలు ఇంగ్లీషులోనే. పోలిక చూపడానికీ, కొత్త ఆట నియమాలు చెప్పడానికీ, భయం పోగొట్టడానికీ మాత్రం తెలుగు.

ఇంగ్లీషుని తెలుగు లిపిలో రాసుకోనివ్వాలా

టీచర్లు ఎక్కువగా కొట్టుకునేది దీని మీదే. నోట్సులో "హౌ మచ్" అని తెలుగులో రాసుకుంటే కొందరు పుస్తకం లాగేసుకుంటారు. (ఈ వ్యాసంలో నేను చేస్తున్నదీ అదే అనుకోండి.) నేనైతే మొదటి నెల రాసుకోనిస్తాను. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ వాక్యం గుర్తు తెచ్చుకోవడానికి వాళ్ళ దగ్గర ఇంకో దారి లేదు.

దీని నష్టాలు తెలిసే ఇస్తాను. తడిసినదాన్నీ, పశువుల డాక్టర్‌నీ తెలుగులో ఒకేలా "వెట్" అని రాస్తాం. ఇంగ్లీషు అక్షరాల్లో జెడ్‌కీ జె‌కీ మనం "జ"నే వాడతాం. ఊనిక ఎక్కడో లిపి చెప్పదు. అన్నిటికంటే ముఖ్యం, తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి రాసింది చదివేటప్పుడు "బుక్" కాస్తా "బుక్కు" అయిపోతుంది. కాబట్టి రాసిన మాట మీద ఊనిక పడేచోట గీత గీయిస్తాను, పక్కన ఇంగ్లీషు స్పెల్లింగ్ ఖాళీ వదలమంటాను. రెండో నెలలో ఆ ఖాళీలు నింపుతాం. మూడో నెలలో తెలుగు రాత దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు గట్టిగా చెప్పాలి.

ఏ భాషలోనూ చదవడం రానివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఇంగ్లీషు అక్షరమాలతో మొదలుపెట్టడం కంటే వాళ్ళ నోటి మాటతో మొదలుపెట్టడం మేలు. వాళ్ళు చెప్పిన ఒక వాక్యాన్ని, "మై సన్ ఈజ్ ఎ డ్రైవర్" లాంటిది, మీరు పెద్ద అక్షరాలతో రాయండి. వాళ్ళే చదవాలి. తర్వాత మాటలు కత్తిరించి కలిపేసి మళ్ళీ పేర్చమనండి. చదువుతున్నది తన జీవితమే కాబట్టి ఊహించగలుగుతారు. ఇది నెమ్మదిగా సాగే పని, ఇలాంటివాళ్ళని మిగతా తరగతితో కలిపి పరుగెత్తించకండి.

వల్లె వేయించడమా, మాట్లాడించడమా

టీచర్ చెప్పడం, అందరూ కలిసి తిరిగి అనడం, ఒక మాట మార్చి మళ్ళీ అనడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం సైనికులకి భాషలు నేర్పిన తీరు చూశాక ఈ వల్లె పద్ధతికి బలం వచ్చింది. 1970ల నాటికి గాలి మళ్ళింది. వాక్యం తప్పుల్లేకుండా రావడం కంటే పని జరగడం ముఖ్యమని, నిజంగా ఏదో తెలుసుకోవడానికి మాట్లాడితేనే భాష వస్తుందని అన్నారు. దక్షిణ భారతంలో ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా నడిపిన ప్రాజెక్టు ఈ దారిలో పెద్ద పేరు తెచ్చుకుంది. రూల్స్ పక్కన పెట్టి, పిల్లలకి ఒక లెక్కో, టైమ్‌టేబులో, మ్యాపో ఇచ్చి పని చేయించారు. అది బడి పిల్లలతో జరిగిందని గుర్తుంచుకోండి. పనిలో మునిగిపోవడం పెద్దవాళ్ళకి అంత తేలిక కాదు, తప్పు మాట్లాడుతున్నామేమోనన్న టెన్షన్ వెంటాడుతుంది.

నా లెక్క ఇది. వల్లె ఐదు నిమిషాలు, నాలుక తిరగడం కోసం. అంతకు మించితే గుంపు గొంతులో దాక్కునేవాళ్ళు తయారవుతారు. పెదాలు కదులుతుంటాయి, శబ్దం రాదు. ఆ తర్వాత జంటలుగా మాట్లాడించడం. ఒకరి కాగితంలో ఉన్నది ఇంకొకరి కాగితంలో ఉండకూడదు. ఒకరి దగ్గర ఖాళీ టైములు, ఇంకొకరి దగ్గర తమ పనుల జాబితా. మాట్లాడకపోతే పని తెమలదు.

ఎందుకు జంటలంటే కూడిక తీసివేత చాలు. పన్నెండు మంది, గంట పాఠం. నేను నలభై నిమిషాలు మాట్లాడి మిగతా ఇరవై నిమిషాలు ఒక్కొక్కరినీ లేపి అడిగితే తలా రెండు నిమిషాలు కూడా రావు. అదే ఇరవై నిమిషాలు జంటలుగా విడదీస్తే ఒక్కొక్కరికి పది నిమిషాలు. నేనొక్క మాట కొత్తగా నేర్పకుండానే ఆరు రెట్లు అయింది. మీ ముందు రెండు పద్ధతులుండి ఏది తీసుకోవాలో తేలకపోతే ఈ లెక్క వేసి చూడండి, ఏ పద్ధతిలో వాళ్ళ నోరు ఎక్కువసేపు కదులుతుందో.

చెప్పింది చేయించే పద్ధతి ఒకటుంది, జేమ్స్ ఆషర్ 1960లలో ప్రచారంలోకి తెచ్చారు. టీచర్ "స్టాండ్ అప్", "ఓపెన్ ది డోర్" అంటే నేర్చుకునేవాళ్ళు చేసి చూపించాలి, మాట్లాడక్కర్లేదు. నోరు పెగలని మొదటి రెండు వారాలకి బ్రహ్మాండం. కానీ యాభై ఏళ్ళ మనిషిని నిలబెట్టి కూర్చోబెడితే చిన్నతనంగా ఉంటుంది. "ఫోన్ సైలెంట్‌లో పెట్టండి", "ఇక్కడ సంతకం చేయండి", "మీ ఐడీ చూపించండి" లాంటి పెద్దవాళ్ళ ఆజ్ఞలు ఇంగ్లీషులో ఇవ్వండి, ఎవరూ నొచ్చుకోరు.

ఒక్కరా, గుంపా, యాపా

ఒక్కరికే చెబితే వేగం వాళ్ళది, సిగ్గు తక్కువ. కానీ వాళ్ళ చెవి మీ గొంతుకే అలవాటు పడుతుంది. మీ దగ్గర అన్నీ అర్థమవుతాయి, బయట ఏదీ అర్థం కాదు. ఒక్కరికే నేర్పుతుంటే వారానికి ఒకసారైనా మీ స్నేహితులెవరి చేతనైనా ఫోన్ చేయించండి. ఆరు నుంచి ఎనిమిది మంది ఉన్న గుంపు నాకు అన్నిటికంటే నచ్చుతుంది, జంటలు మారుతుంటాయి, ఎవరూ తప్పించుకోలేరు.

యాప్ మాటలు గుర్తుపెట్టుకోవడానికి మంచిది. నేర్చింది మరిచిపోయే తీరు మీద ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే రాశాడు. కాస్త కాస్త ఎడమిచ్చి మళ్ళీ చూస్తే నిలుస్తుంది, ఆ ఎడం లెక్క యాప్ మనకంటే బాగా చూసుకుంటుంది. అంతవరకే. అవతలిమనిషి విసుగుని తట్టుకోవడం యాప్ నేర్పదు.

పుస్తకం కొనాలా సొంతంగా తయారుచేసుకోవాలా అంటే, మొదటిసారి నేర్పేవాళ్ళు పుస్తకం కొనుక్కోండి. వరస మాత్రం మీరు మార్చుకోండి.

తప్పు దిద్దడం: అప్పుడా, తర్వాతా

"షీ గో టు వర్క్" అంటారు. మీరు మర్యాదగా "ఓ, షీ గోస్ టు వర్క్" అని అందిస్తారు. వాళ్ళు "ఎస్ మేడమ్" అని ముందుకెళ్ళిపోతారు. దిద్దినట్టు వాళ్ళకి తెలియనే తెలియదు, మీరు ఒప్పుకున్నారనుకుంటారు. లిస్టర్, రాంటా అనే పరిశోధకులు 1997లో తరగతి గదుల్ని గమనించి చెప్పింది కూడా ఇదే: టీచర్లు ఎక్కువగా వాడేది ఇలా సున్నితంగా అందించే దిద్దుబాటే, నేర్చుకునేవాళ్ళు తక్కువగా అందుకునేదీ అదే. "షీ…?" అని ఆగి, వాళ్ళ చేతే చెప్పిస్తే ఎక్కువ పట్టుకుంటారు. ఆగడం అంటే నిజంగా ఆగాలి, లోపల ఒకటి రెండు మూడు లెక్కపెట్టుకుంటూ. మనకి అది యుగంలా ఉంటుంది.

అలాగని ప్రతి తప్పునీ పట్టుకుంటే ఎవరూ మాట్లాడరు. అర్థం తారుమారయ్యేవి అప్పుడే దిద్దుతాను: రోజు, టైమ్, అంకె, అవునా కాదా. "ఐ కెన్ కమ్", "ఐ కాంట్ కమ్" తేడా హడావిడిలో అవతలివాళ్ళకి వినబడదు, అందుకే మావాళ్ళందరి చేతా "కెనాట్" అని విడమరిచి పలికిస్తాను. ఎ, ద లాంటివి ఈ స్థాయిలో వదిలేస్తాను. గోస్‌లో ఆ "స్" కూడా దాదాపు వదిలేస్తాను. జంటలు మాట్లాడుకుంటున్నప్పుడు అటూ ఇటూ తిరుగుతూ చీటీ మీద తప్పులు రాసుకుని, చివర్లో ఎవరి తప్పో చెప్పకుండా రెండు వాక్యాలు బోర్డు మీద పెడతాను. ఎవరిదో వాళ్ళకి తెలిసిపోతుంది, ముసిముసిగా నవ్వుకుంటారు.

దారి మార్చాల్సి వస్తే

ఎంచుకున్నది పనిచేస్తోందో లేదో పరీక్ష పెడితే తెలియదు, పరీక్షకి తగ్గట్టు చదివేస్తారు. మొదటి రోజు ఒక్కొక్కరిని ఒక నిమిషం మాట్లాడమని ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్ళు ఒప్పుకుంటేనే. ఎక్కడుంటారు, ఏం పనిచేస్తారు, నిన్న ఏం చేశారు. ఆరు వారాల తర్వాత అవే ప్రశ్నలు మళ్ళీ అడగండి. రెండూ పక్కపక్కన వినండి, వాళ్ళతో కలిసి. వాక్యాలు పొడుగయ్యాయా అని కాదు, ఖాళీలు తగ్గాయా, అర్థం కానప్పుడు మిమ్మల్ని తిరిగి అడిగారా, అది చూడండి. అడగలేదంటే జవాబులు వినే పని మీరు తక్కువ చేస్తున్నారని. మాటలు తడుముకుంటుంటే పాత పాఠాలు తిరగేయడం లేదని. అన్నీ తెలిసి కూడా నోరు మెదపకపోతే ఎక్కువగా మీరే మాట్లాడుతున్నారేమో చూసుకోండి.

"ఎస్ ఎస్" అన్న ఆవిడ తర్వాత ఏడు నెలలు వచ్చింది. ఒక రోజు పాఠం మధ్యలో ఫోన్ మోగితే బయటికెళ్ళింది. తలుపు సందులోంచి వినబడింది: "సారీ, వన్ త్రీ ఆర్ త్రీ జీరో?" అవతల ఏమన్నారో మరి, కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి కొంచెం గట్టిగా.